ఎనిమిదో నంబరు కుర్చీ

ఆగస్టు 18, 1988, గురువారం

మా ఊరి బేస్‌బాల్ జట్టు ఫెర్రీమెన్ పొరుగూళ్లో ఆడి 4–1తో గెలిచారు. రేడియో వింటూ స్కోరు పుస్తకం రాశాను. మన పిచర్ టీగ్ ఎనిమిది ఇన్నింగ్స్ బంతి విసిరి అయిదు హిట్లు మాత్రమే ఇచ్చాడు. ఏటి అవతలి ఒడ్డు జట్టు మిల్లర్స్ కూడా గెలిచారు కనుక ఇంకా వాళ్లకన్నా ఒక ఆట వెనకే ఉన్నాం.

వచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా ఆ మిల్లర్స్‌తోనే నాలుగు ఆటలు, మన మైదానంలో. వాటితో సీజన్ ముగుస్తుంది. అప్పటిదాకా తేడా ఇంతే ఉంటే, నాలుగింట మూడు గెలిస్తే మనది మొదటి స్థానం. రెండు గెలిస్తే చాలదు. దీనికి నమ్మకాలూ మొక్కులూ అక్కర్లేదు, తీసివేతలు వస్తే చాలు.

పిచర్లు వరస తప్పకపోతే టీగ్ 23న ఒకసారి, మళ్లీ 28న, అంటే ఆఖరి ఆదివారం, విసురుతాడు. ఇది మంచిది.

పోస్టులో బేస్‌బాల్ క్లబ్ కాగితం వచ్చింది. సి వరస, 7, 8 కుర్చీలు వచ్చే ఏడాది కూడా మాకే ఉండాలంటే ఆఖరి ఆదివారం ఆట అయిన పావుగంటలోగా టికెట్ కిటికీలో ఇవ్వాలి. రెండు సంతకాలు కావాలి, నాదీ మా ఆడపడుచు ఓపల్‌దీ. మా ఆయన వాల్టర్ పోయాక ఆ కుర్చీలు మా ఇద్దరి పేరు మీదికి మారాయి. ఇస్తే జంటగా ఇస్తారు, లేకపోతే రెండూ పోతాయి. మా వెనక పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లు పద్నాలుగు మంది.

నేను సంతకం చేశాను. కింది గీత ఖాళీగా ఉంది.

ఆగస్టు 19, శుక్రవారం

13వ తేదీ సంగతి ఒకసారి పూర్తిగా రాసి పెట్టుకోవడం మంచిది. అది ఎంత అర్థంలేనిదో కాగితం మీద చూస్తే తెలుస్తుంది.

ఎదుటి జట్టులో ఒక్కడూ హిట్ కొట్టలేకుండా, అంటే బంతి కొట్టి బేస్ చేరలేకుండా, మన పిచర్ ఆట నడిపిస్తున్నాడనుకోండి. ఆ మాట మైదానంలో ఎవరూ పైకి అనకూడదట. అంటే చెడిపోతుందట. పిచర్ పక్కన కూర్చునే ఆటగాళ్లు కూడా అతనితో మాట్లాడరు. చదువుకున్న డాక్టర్లు, చర్చి పెద్దలు, ఊరి మేయరు, అందరూ పళ్లు బిగించి కూర్చుంటారు. వాల్టర్ అయితే టోపీ తిప్పి పెట్టుకుని ఊపిరి కూడా లెక్కగా పీల్చేవాడు.

ఆ శనివారం టీగ్ ఏడు ఇన్నింగ్స్ అలా నడిపించాడు. అప్పుడు వేరుశెనగలమ్మే గస్ వచ్చాడు. అతను ఆటకు వీపు పెట్టి పనిచేస్తాడు కనుక ప్రతిసారీ అడుగుతాడు, “ఆట ఎలా ఉంది, మిసెస్ కెసెల్?” అని. అడిగినదానికి జవాబు చెప్పడం నా అలవాటు. “ఏడు ఇన్నింగ్స్ అయ్యాయి, గస్. వాళ్లకి ఇంతవరకూ ఒక్క హిట్టూ లేదు” అన్నాను.

ముందు వరసలో హార్డ్‌వేర్ షాపు లెనర్డ్ డ్వొరాక్ రెండు చేతులతో మొహం మూసుకుని, “అంత పని చేశారేమిటండీ!” అన్నాడు. వీడికి నా ఆల్జీబ్రా క్లాసులో నూటికి అరవై ఒకటి వచ్చింది.

తర్వాత వాళ్లు కొట్టిన బంతి ఎడమ కంచె దాటిపోయింది. ఆట 4–3తో ఓడిపోయాం.

ఓపల్ లేచి కుర్చీ మీది దిండు తీసుకుంది. “ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పావు, వెర్నా. నోరు మూసుకోవడం నీకెవరూ చెప్పలేదా?” అంది. మెట్లు దిగి మైదానం అవతలి పక్కకు, మిల్లర్స్ వాళ్లు కూర్చునే వైపుకు, కప్పులేని బెంచీల మీదికి వెళ్లిపోయింది. అప్పటినుంచీ మాట లేదు. మనం ఒక ఆట వెనక ఉన్నాం కదా, ఆ ఒక్క ఆటా నావల్ల పోయిందేనని ఊరంతా చెబుతోందట.

నేను నమ్మను. నోట్లోంచి వచ్చిన మాట బ్యాటుకు వెళ్లి తగలదు.

స్కోరు పుస్తకంలో 13వ తేదీ పేజీ తీసి మళ్లీ చూశాను. లెక్క సరిగానే ఉంది.

ఆగస్టు 20, శనివారం

మొక్కజొన్న పొత్తులు ఆరు కొన్నాను. ఒక మనిషికి ఆరు ఎక్కువే. ఆరు చొప్పునే అమ్ముతారు.

ఆగస్టు 21, ఆదివారం

చర్చిలో ఓపల్ అవతలి పక్క మూడో బెంచీలో కూర్చుంది. పాట నా మీద పంతానికి గట్టిగా పాడింది. శ్రుతి తప్పింది.

మధ్యాహ్నం మా మనవరాలు కోరిన్ వచ్చింది. పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, మొండి జీవాల దగ్గర ఎలా మెలగాలో తనకు తెలుసంటుంది. కుర్చీల కాగితం దానికిచ్చి ఓపల్ ఇంటికి పంపాను. గంటకు తిరిగొచ్చింది. కాగితం అలాగే ఉంది.

“ఏమంది?”

“ముందు తీపి పై ముక్క పెట్టింది. తిన్నాను. తర్వాత, ‘మీ అమ్మమ్మ క్షమించమని అడిగిందా?’ అంది.”

“దేనికి అడగాలి?”

“నువ్వలాగే అంటావనీ చెప్పింది. ‘నేనేం చేశానని అడుగుతుంది, ఏం చేసిందో ఊరంతటికీ తెలుసు’ అంది. అమ్మమ్మా, ఒక్క మాట. తప్పయిపోయిందని అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“తప్పు జరిగితే అంటాను. బంతి కంచె దాటడానికి కారణం, టీగ్ దాన్ని నడుము ఎత్తున మెత్తగా వేశాడు. పుస్తకంలో రాసి ఉంది చూడు.”

“ఓపల్ అమ్మమ్మ బాగా చిక్కిపోయింది తెలుసా?”

“ఎండలో కూర్చుంటే చిక్కదా? ఆ బెంచీలకు కప్పు లేదు. డెబ్భై ఒకటో ఏడు దానికి.”

కోరిన్ నావైపు అదోలా చూసింది. నేను లేచి గిన్నెలు కడిగాను.

ఆగస్టు 23, మంగళవారం

టీగ్ గెలిచాడు, 6–2. మిల్లర్సూ గెలిచారు. తేడా ఒకటే.

కాగితం బల్ల మీద, ఉప్పు సీసా కింద ఉంది.

ఆగస్టు 24, బుధవారం

రేపటినుంచి ఆటలు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇదీ పరిస్థితి.

ఈ ఏడాది మిల్లర్స్‌తో పన్నెండు ఆటలు ఆడాం, అయిదు గెలిచాం. మన మైదానంలో ఆరింట నాలుగు. కనుక మన మైదానం అన్నది ఉత్తమాట కాదు.

గురువారం వాళ్ల పిచర్ ఓడమ్. ఆరో ఇన్నింగ్స్ దాటితే అతని చెయ్యి వాలిపోతుంది. మనం అతని మీద చేసిన పద్నాలుగు పరుగుల్లో పదకొండు ఆ తర్వాత వచ్చినవే. ఓపిక పడితే గురువారం మనది. శుక్రవారం మన పిచర్ బేట్స్. అతని గురించి మర్యాదగా రాయగలిగింది ఏమీ లేదు. శుక్రవారం వదులుకుందాం. శనివారం నాణెం ఎగరేసినట్టే. ఆదివారం టీగ్.

అంటే శనివారం మీద అంతా ఆధారపడింది. ఓపల్ అయితే ఇది వినేలోపే, “లెక్కలు నువ్వు చూసుకో, నేను మనుషుల మొహాలు చూస్తాను” అనేది. ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసింది. ఊరి రహస్యాలన్నీ తన కడుపులోనే ఉన్నాయని గొప్ప. ఓడమ్ మొహం చూసి, వీడివాళ జారిపోతాడని ముందే చెప్పేది. పదిసార్లలో ఆరుసార్లు నిజమయ్యేది. అదీ రాసే పెట్టాను.

రేపటికి లివర్ సాసేజ్ శాండ్‌విచ్‌లు రెండు చేసి పెట్టాను. రొట్టెలో నాలుగే ముక్కలు మిగిలాయి, అందుకని.

ఆగస్టు 25, గురువారం

గెలిచాం, 5–2. ఓడమ్ ఏడో ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులిచ్చాడు. సమానమయ్యాం!

సంచీ ఎనిమిదో నంబరు కుర్చీలో పెట్టాను. సంచీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

అవతలి పక్క మిల్లర్స్ వాళ్ల పచ్చటోపీల మధ్య మనవాళ్ల ఎర్రటోపీ ఒకటి కనిపించింది. మనం గెలిచినప్పుడు అది ఎగిరి ఎగిరి పడింది. మోకాలు బాగాలేని మనిషి అలా ఎగరకూడదు.

ఒక శాండ్‌విచ్ డ్వొరాక్‌కి ఇచ్చాను. భయపడుతూ తిన్నాడు.

ఆగస్టు 26, శుక్రవారం

9–1తో ఓటమి. బేట్స్. మళ్లీ ఒక ఆట వెనక.

మూడో ఇన్నింగ్స్ మొదట్లో ఓపల్ దిండు చంకలో పెట్టుకుని మా పక్క మెట్ల దాకా వచ్చిందట. నేను చూడలేదు, పుస్తకం రాస్తున్నాను. కోరిన్ చూసింది. నాలుగు మెట్లు ఎక్కిందట. అదే సమయానికి మిల్లర్స్ వాడు రెండు పరుగులు వచ్చే దెబ్బ కొట్టాడు. ఓపల్ అక్కడే ఆగి, మైదానం వైపు చూసి, మావైపు చూసి, తిరిగి దిగిపోయిందట.

ఆట అయ్యాక కోరిన్ పరుగెత్తి అడిగితే చెప్పింది, “నిన్న అవతల కూర్చుంటే గెలిచాం. ఇవాళ ఇటు అడుగేస్తే చూశావుగా ఏమైందో! నాకు కూర్చోవాలని లేదనుకున్నావా, పిల్లా? ఎనిమిదో నంబరు మా అన్నయ్య కుర్చీ. కానీ జట్టు గెలవాలా వద్దా?”

“మరి కాగితం మీద సంతకం?”

“సంతకం పెట్టాలన్నా ఆ కుర్చీలో కూర్చునే పెడతాను. ఇక్కడ పెడితే అదేం బాగుంటుంది?”

ఓడింది బేట్స్ వల్ల అని ఆ మనిషికి ఎవరు చెబుతారు?

నాలుగు మెట్లు ఎక్కిందట.

ఆగస్టు 27, శనివారం

3–2తో గెలిచాం, పదకొండో ఇన్నింగ్స్‌లో. మళ్లీ సమానం. రేపటి ఆటే తేలుస్తుంది.

దీనివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, ఓపల్ అవతలే కూర్చుంది, మనం గెలిచాం. ఆమె లెక్క ప్రకారం రేపు కూడా అక్కడే కూర్చోవాలి. రేపు ఆట అయ్యాక పావుగంటలో కిటికీ మూసేస్తారు. జట్టు గెలుస్తూ ఉంటే కుర్చీలు పోతాయి. ఓడిపోతే ఆమె ఇటు వస్తుందేమో, వచ్చి ఏం లాభం?

ఇలాంటి సమస్య ఏ పుస్తకంలోనూ ఇవ్వరు.

13వ తేదీ పేజీ చూశాను. పెన్సిల్ రాత కొంచెం చెదిరింది. అంతే.

ఆగస్టు 28, ఆదివారం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆట మొదలైంది. కప్పు కింద చోటులేదు. నేను నీలం స్వెట్టరు వేసుకున్నాను, గురువారమూ శనివారమూ వేసుకున్నది. ఉతికినవి వేరే లేవు.

టీగ్ చెయ్యి తిరిగిన రోజు. మొదటి ఇన్నింగ్స్ మూడు అవుట్లు, రెండోదీ మూడోదీ అంతే. మనవాళ్లు రెండో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు తీశారు. నాలుగో ఇన్నింగ్స్ అయ్యేసరికి నా పుస్తకంలో మిల్లర్స్ పక్కన వరసగా ఖాళీ గళ్లు. ఆ గళ్ల పేరేమిటో నేను రాయను. రాయనక్కర్లేదు కూడా. ముందు వరసలో డ్వొరాక్ వెనక్కి తిరిగి చూడటం మానేశాడు. అతని మెడ బిగుసుకుపోయింది.

అయిదో ఇన్నింగ్స్ ముగిసిందో లేదో వాన దంచికొట్టింది. ఆట ఆపి మైదానం మీద టార్పాలిన్ పరిచారు. కప్పులేని బెంచీల వాళ్లంతా మా వైపు పరుగెత్తుకొచ్చి మెట్ల మీద నిలబడ్డారు. వాళ్లలో ఓపల్. దిండు నెత్తిన పెట్టుకుంది, దాంట్లోంచి నీళ్లు కారి ముక్కు మీద పడుతున్నాయి.

నా సంచీ తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

ఆమె నాతో అనలేదు, డ్వొరాక్‌తో అంది. “లెనర్డ్, ఒక సంగతి స్పష్టంగా తెలియాలి. నా అంతట నేను రాలేదు, వాన తరిమితే వచ్చాను. కనుక ఇది లెక్కలోకి రాదు.”

డ్వొరాక్ నావైపు చూశాడు, జవాబు నేను దిద్దాలన్నట్టు.

“వాదన సరైనదే” అన్నాను, డ్వొరాక్‌తోనే.

ఓపల్ ఎనిమిదో నంబరు కుర్చీలో కూర్చుంది. సంచీలోంచి తువ్వాలు తీసి మా మధ్య చేతిపట్టీ మీద పెట్టాను. తల తుడుచుకుంది. శాండ్‌విచ్ పొట్లం కూడా పెట్టాను. అదీ తీసుకుంది. నలభై నిమిషాలు వాన కురిసింది.

వాన వెలిసింది. చాలామంది తమ బెంచీలకు వెళ్లారు. ఓపల్ లేవబోయి కూర్చుండిపోయింది. “ఇప్పుడు వెళితే అది నా అంతట నేను వెళ్లినట్టవుతుంది” అని డ్వొరాక్‌కి చెప్పింది.

ఆరు. ఏడు. గళ్లు అలాగే ఉన్నాయి. జనం నోళ్లు మూసుకుని ఒకేసారి ఊపిరి వదులుతున్నారు. కోరిన్ మెట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది, తిమ్మిరెక్కినా కదలనంది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఒక అవుట్ అయ్యాక, గస్ వచ్చాడు. బుట్ట మెడకు తగిలించుకుని, ఆటకు వీపు పెట్టి, మా వరస ముందు ఆగాడు.

“ఆట ఎలా ఉంది, మిసెస్ కెసెల్?”

సి వరస అంతా బిగుసుకుపోయింది. డ్వొరాక్ తల రెండు మోకాళ్ల మధ్యకు దించేశాడు. ఎవరో మెల్లగా “దేవుడా” అన్నారు. ఓపల్ ఎదురుగా చూస్తోంది. ఆమె చేతిలో నా తువ్వాలు తాడులా మెలితిరిగిపోయింది.

పుస్తకం నా ఒళ్లో తెరిచే ఉంది. పెన్సిల్ చేతిలోనే ఉంది. అడిగినవాడికి తెలిసిన జవాబు చెప్పకపోవడం నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ జరగలేదు.

పుస్తకం మూశాను.

“ఏమో, గస్” అన్నాను. “ఇవాళ నేను లెక్క పెట్టడం లేదు.”

గస్ నన్ను చూశాడు. ముప్ఫై ఏళ్లుగా ఎరిగిన మనిషి. “ఒంట్లో బాగానే ఉందా, మిసెస్ కెసెల్?” అన్నాడు.

“బాగానే ఉంది. రెండు పొట్లాలివ్వండి.”

ఒకటి ఓపల్ ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని విప్పలేదు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

“లెక్క పెట్టడం లేదట!” అంది, నాతోనే. “వెర్నా కెసెల్ లెక్క పెట్టడం లేదట!”

“నోరు మూసుకో. ఇంకా అయిదు అవుట్లున్నాయి” అన్నాను.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యాయి. ఇంకొక్కటి. మిల్లర్స్ బొద్దు క్యాచర్ బ్యాటు పట్టుకుని వచ్చాడు. నేల మీద దొర్లే బంతి కొట్టాడు, మన రెండో బేస్ కాసే పిల్లవాడు పక్కకు దూకాడు, చేతి తొడుగు అంచుకు తగిలీ తగలనట్టు బంతి వెళ్లిపోయింది. మైదానమంతా ఒకే గొంతుతో మూలిగింది. డ్వొరాక్ ఏడ్చాడు, యాభై ఏళ్లు వచ్చినవాడు.

పుస్తకం తెరిచాను.

“పొరపాటని రాయి” అంది ఓపల్, నా మోచెయ్యి పట్టుకుని. “వాడు అందుకోవలసిన బంతే. పొరపాటైతే హిట్ కాదుగా.”

“అందుకోలేడు. ఎవరూ అందుకోలేరు.”

“ఒక్క చిన్న రాత, వెర్నా.”

“ఇవాళ నోటితో ఒక అబద్ధం అయింది. పుస్తకంలో కాదు.” హిట్ అని రాశాను.

“నువ్వు మారవు” అంది, కానీ చెయ్యి తీసెయ్యలేదు.

తర్వాతవాడు గాల్లోకి కొట్టాడు, పట్టేశారు. 1–0. మొదటి స్థానం మనదే. జనం కంచె దూకి మైదానంలోకి పోతున్నారు. ఓపల్ మాత్రం లేవలేదు.

“ఈ హిట్ నీవల్ల కాదు” అంది.

“ఏ హిట్టూ నావల్ల కాదు.”

“తెలుసు.” కాసేపు వేరుశెనగ పొట్లం మడత విప్పింది, మళ్లీ మడిచింది. “పదమూడో తారీఖున, నువ్వు గస్‌కి చెప్పడానికి ముందు నేను ఆడవాళ్ల గదికి వెళ్లానా? అక్కడ లైనులో బెర్నీస్ ష్యూలర్ ఉంది. ‘చూశావా, టీగ్ ఒక్క హిట్టూ ఇవ్వలేదు’ అన్నాను. ఆగలేకపోయాను. నోటిదాకా వచ్చేసింది.”

“ఎక్స్‌ఛేంజీలో ఇరవై ఆరేళ్లు...”

“అదే. ఇరవై ఆరేళ్లు ఒక్క మాట బయట పెట్టనిదాన్ని. వచ్చి కూర్చున్నానో లేదో నువ్వూ అన్నావు, బంతి కంచె దాటింది. అందరూ నీవైపే చూశారు. నేను నోరు విప్పలేదు. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. ఒకరోజు చెప్పకపోతే రెండో రోజు ఇంకా కష్టం. నీ పక్కన కూర్చుంటే నువ్వు నా మొహం చూసి పట్టేస్తావని భయం.”

“మొహాలు చూసేది నువ్వు. నేను కాదు.”

“అయినా భయం వేసింది.”

కాగితం తీసి పుస్తకం అట్ట మీద పరిచాను. ఓపల్ నా పెన్సిల్ అందుకుంది. “సిరాతో పెట్టాలి. కింద రాసి ఉంది” అన్నాను. ఆమె దగ్గరా కలం లేదు. డ్వొరాక్ కళ్లు తుడుచుకుని, తన షాపు పేరున్న కలం ఇచ్చాడు. కుర్చీలో కూర్చునే సంతకం పెట్టింది, వాల్టర్ కూర్చున్నట్టే కొంచెం పక్కకు వొరిగి.

అప్పటికి తొమ్మిది నిమిషాలయ్యాయి. ఆమె మోకాలుతో మెట్లు దిగడం, పైగా ఎదురొచ్చే జనం. కోరిన్ తిమ్మిరి కాళ్లతోనే ముందు పరుగెత్తింది. మేము వెళ్లేసరికి కిటికీలో సగం దాకా దూరి, లోపలున్న ఆవిడ పిల్లికి ఏం తినిపించాలో చెబుతోంది. ఒక నిమిషం మిగిలి ఉండగా కాగితం ఇచ్చాం.

ఆగస్టు 29, సోమవారం

ఓపల్ భోజనానికొచ్చింది. మిగిలిన మొక్కజొన్న ఉడికించాను. తొమ్మిదో ఇన్నింగ్స్ బంతి పొరపాటా, హిట్టా అని ఇంకా వాదిస్తోంది. వచ్చే ఏప్రిల్ దాకా వాదిస్తుంది.

ఆమె వెళ్లాక 13వ తేదీ పేజీ తీశాను. ఆ కంచె దాటిన బంతి గడి పక్కన, అంచులో, ఆ రోజు చిన్న అక్షరాలతో ‘నావల్ల’ అని రాశాను. ఇప్పుడు దాన్ని రబ్బరుతో తుడిచేశాను.

నమ్మనని ముందే రాశాను. ఇప్పుడూ అదే అంటున్నాను. కానీ రికార్డు సరిగా ఉండాలి కనుక, ఆ చోటనే ‘చెరి సగం’ అని రాశాను.